బుక్కెడు బువ్వ మేం పెడుతం, కాయితం ఎవరిస్తరు?

"ఈమెకు నువ్వేమైతవమ్మా?"

పోయిన వానకాలంల ఒక సర్కారు దవాఖానల చీటీలు రాసే కిటికీ కాడ నన్నడిగిన ప్రశ్న ఇది. నా పక్కన నెలలు నిండిన ఆడమనిషి. నొప్పులు మొదలై నాలుగు గంటలైంది. కిటికీ లోపలి మనిషి ఆధార్ అడిగిండు. ఆమె ప్లాస్టిక్ కవర్ల చుట్టి పెట్టుకున్న కార్డు తీసిచ్చింది. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ ఇచ్చిన కార్డు అది. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఇది ఈడ నడువదు" అని ఎనుకకు నూకిండు. నేను నోరు చేసిన. అప్పుడడిగిండు, నువ్వేమైతవని.

"అక్కను" అన్న.

ఆయన మా ఇద్దరి మొఖాలు చూసిండు. నేను జగిత్యాల దిక్కు బీడీలు చుట్టి వచ్చిన మనిషిని. ఆమె బర్మా దేశంల అరకాన్‌ల పుట్టిన రోహింగ్యా బిడ్డ. మా ఇద్దరికీ భాష సుత సరిగ్గ కలువది, హైదరాబాదు హిందీలనే మాట్లాడుకుంటం. ఆఖరికి డ్యూటీల ఉన్న డాక్టరమ్మ లొల్లి విని బయటికొచ్చి, "ముందు లోపలికి తీస్కరాండ్రి, కాయితాలు తర్వాత చూద్దం" అన్నది. పొద్దుగూకే యాళ్లకు ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమే.

ముచ్చట మంచిగనే ముగిసింది. కానీ ఆ డాక్టరమ్మ ఆ పూట లేకుంటే? నాకు ఆ రోజు పని దొరికి నేను పోకుంటే? ఒక ఆడమనిషి పాణం ఇద్దరి మంచితనం మీద వేలాడాల్నా? నాలుగేండ్ల సంది ఐతారం ఐతారం బాలాపూర్ పోతున్న. ఈ ప్రశ్న నన్ను ఇడిసిపెడ్తలేదు.

నేనెందుకు పోతున్న

నాకు చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. బీడీ కార్మికుల యూనియన్ల తిరుగుకుంట, పక్కింటోళ్ల పీఎఫ్ ఫారాలు నింపుకుంట రాయడం నేర్చిన. ఒక్క అక్షరం తప్పు పడితే ముసలామె పింఛన్ ఎన్ని నెలలు ఆగుతదో కండ్లార చూసిన. కాయితం అంటే ఏందో నాకు బడి చెప్పలే, పీఎఫ్ ఆఫీసు చెప్పింది.

రెండోసారి చెప్పింది దుబాయి. మా ఇంటాయన కంపెనీ వీసా మీద పోయిండు. కంపెనీ జీతాలియ్యలే. బయటికొచ్చి వేరే కాడ పని చేసుకున్నడు. పాస్‌పోర్టు కంపెనీ చేతుల ఉండిపోయింది. గట్ల ఖల్లివెల్లి అయిండు. ఈ మాట కరీంనగర్, నిజామాబాద్ దిక్కు ఏ ఊర్ల అడిగినా చెప్తరు. కాయితాలు లేకుండ గల్ఫుల దాక్కొని బతికెటోడు ఖల్లివెల్లి. పోలీసు కనవడితే సందుల దూరుడు, జరమొస్తే దవాఖానకు పోకుండ గోలీలు మింగుడు, అవ్వ చచ్చిపోయినా ఇంటికి రాలేకపోవుడు. 2018ల యూఏఈ సర్కారు క్షమాభిక్ష పెట్టినప్పుడు ఒక మలయాళీ పిలగాడు లేబర్ క్యాంపుల దగ్గర కూసోని మావోళ్ల ఫారాలు నింపిండట. ఆయన ఏ కులమో ఏ మతమో మా ఇంటాయనకు తెల్వది. ఆ పిలగాడు నింపిన ఫారంతోని మా ఇంటాయన ఇల్లు చేరిండు.

బాలాపూర్ల మొదటిసారి రోహింగ్యా గుడిసెల నడుమ నిలబడ్డప్పుడు నాకు యాదికొచ్చింది ఆ పిలగాడే. ఈళ్లు సుత ఖల్లివెల్లీలే అనుకున్న. ఫరకు ఒక్కటే. మా ఇంటాయనకు తిరిగి రానీకి ఒక ఊరున్నది. ఈళ్లకు లేదు.

ఐతారం పనంటే ఏంది

నేను పొయ్యే సంస్థ పేరు ఇక్కడ రాయను. రాస్తే ఆళ్లకు తిప్పలు పెరుగుతయ్ గానీ తగ్గయి. నాలుగు కుర్చీలు, ఒక బీరువా, ఒక జిరాక్స్ మిషిను. అంతే ఆఫీసు.

చాంద్రాయణగుట్ట కాడ దిగి షేర్ ఆటో ఎక్కుత. పోంగనే లైను కట్టి ఉంటరు. మంది అనుకునేది ఏందంటే, సేవ అంటే బియ్యం బస్తాలు పంచుడు, చలికాలం దుప్పట్లు కప్పుడు అని. అది నెలకొక్క పూట పని. మిగిలినదంతా కాయితాల పనే. బడిల పిల్లగాని అడ్మిషన్, దవాఖాన చీటీ, కరెంటు మీటర్ లొల్లి, గుడిసె కిరాయి లొల్లి, మేస్త్రీ ఎగ్గొట్టిన కూలి, ఢిల్లీల ఉన్న శరణార్థుల ఆఫీసుకు కార్డు రెన్యువల్ కోసం మెయిల్. పక్కన నిలబడి మాట్లాడుడే సగం పని. నేను పక్కన ఉంటే "అమ్మా" అని మాట్లాడే మనిషే, ఆళ్లు ఒంటరిగ పోతే "ఏయ్" అంటడు.

నా తప్పు ఒకటి ఇక్కడ ఒప్పుకోవాలె. మొదటి ఏడు ఒక పిల్లగాని అడ్మిషన్ ఫారం నింపిన. తండ్రి పేరు ఆయన నోటితోని ఎట్ల చెప్పిండో అట్లనే రాసిన. కార్డు మీద స్పెల్లింగు వేరే ఉన్నది. నేను చూడలే. బడోళ్లు ఇద్దరు వేరే మనుషులు అన్నరు. ఆ పిల్లగాడు ఏడాది ఇంట్ల కూసున్నడు. ఆ ఏడు తండ్రితో పాటు తుక్కు ఏరనీకి పోయిండు. నేను మంచి మనసుతోనే చేసిన. మంచి మనసు ఆ పిల్లగాని ఏడాదిని వాపసు ఇయ్యలే. అప్పటి సంది కార్డు మీద వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చూసి రాస్తున్న.

చాలా మంది కార్డుల మీద పుట్టిన తేది జనవరి 1 అనే ఉంటది. అవ్వకు, బిడ్డకు, అల్లునికి అందరికీ ఒక్కటే పుట్టినరోజు. పుట్టిన రోజు రాసిపెట్టే ఆఫీసు ఆళ్లను మనుషులుగ లెక్కపెట్టలే కాబట్టి.

వాళ్లెవరు, ఎందుకొచ్చిన్రు

1982ల బర్మా సర్కారు పౌరసత్వ చట్టం చేసింది. ఆ దేశం గుర్తించిన 135 జాతుల లిస్టుల రోహింగ్యాల పేరు లేదు. తాతల కాలం నుంచి అరకాన్‌ల ఎవుసం చేసుకున్నోళ్లు ఒక చట్టంతోని సొంత దేశంలనే పరాయోళ్లయిన్రు. 2012ల అక్కడ ఇండ్లు తగలబెట్టిన్రు. 2017 ఆగస్టుల సైన్యం ఊర్ల మీద పడ్డది. 7 లక్షల మందికి పైగా మనుషులు కొన్ని నెలల్లనే బంగ్లాదేశ్‌ల పడ్డరు. కాక్స్ బజార్ క్యాంపులు ఇప్పుడు ప్రపంచంలనే పెద్ద శరణార్థి బస్తీ.

అందుల కొందరు మన దేశం చేరిన్రు. జమ్ము, ఢిల్లీ, హర్యానా, హైదరాబాద్. హైదరాబాదుల కొన్ని వేల మంది ఉంటరు. బాలాపూర్, రాయల్ కాలనీ, షాహీన్ నగర్, కిషన్‌బాగ్ దిక్కు ఖాళీ ప్లాట్లల్ల తడకలు, రేకులు, ఫ్లెక్సీ బ్యానర్లతోని గుడిసెలేసుకున్నరు. ఆ జాగలు పుక్కట్ల ఇచ్చినవి గావు. నెల నెలా కిరాయి కడుతున్నరు. మొగోళ్లు కూలికి, తుక్కు ఏరనీకి, మాంసం దుకాండ్లల్లకు పోతరు. ఎన్నికల నాడు లీడర్ల నవ్వు మొఖాలు ముద్రించిన ఫ్లెక్సీలు ఆళ్ల ఇంటి గోడలు. ఓటు లేని మనిషికి లీడర్ పనికొచ్చింది గంత మట్టుకే.

చట్టం ఏమంటున్నది

మన దేశంల శరణార్థి అనే మాటకు చట్టమే లేదు. 1951 శరణార్థుల ఒప్పందం మీద ఇండియా సంతకం పెట్టలే, 1967 ప్రొటోకాల్ మీద సుత పెట్టలే. గందుకే పాణం అరచేతుల పెట్టుకొని ఉరికొచ్చినోడు, వీసా అయిపోయినా దాక్కున్నోడు ఇద్దరూ చట్టం ముంగట ఒక్కటే, అక్రమ వలసదారులు. 2025 సెప్టెంబర్ 1 సంది అమలైతున్న ఇమిగ్రేషన్, విదేశీయుల చట్టం 1946 నాటి పాత చట్టాన్ని పక్కకు పెట్టింది గానీ ఈ ఫరకు చూపెట్టలే. 2019ల తెచ్చిన సీఏఏ పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన ముస్లిమేతరులకే. అందుల బర్మా లేదు, ముస్లిం లేడు. రోహింగ్యాలకు రెండు తలుపులూ మూసినట్టే.

చట్టం లేకుంటే తొవ్వ లేదా? ఉన్నది. 1959 సంది టిబెట్ నుంచి వచ్చినోళ్లకు మన సర్కారు రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్లిచ్చింది, ఊర్లు కట్టుకోనిచ్చింది. 1983 సంది శ్రీలంక తమిళులకు తమిళనాడుల క్యాంపులు, బియ్యం, నెల పైసలు, బడి ఉన్నయ్. అప్పుడు సుత శరణార్థి చట్టం లేదు. సర్కారుకు మనసుండె, గందుకే ఆర్డర్లు వచ్చినయ్. 2011ల కేంద్రమే ఒక పద్ధతి రాసింది. వేధింపులకు భయపడి వచ్చినోళ్ల కేసు ఇచారించి లాంగ్ టర్మ్ వీసా ఇయ్యొచ్చని. కొందరు రోహింగ్యాలకు దొరికింది సుత. 2017 ఆగస్టుల అదే హోం శాఖ, ఆళ్లను గుర్తించి పంపించేయాలని రాష్ట్రాలకు లేఖ రాసింది. మనుషులు ఆళ్లే, భయం అదే. మారింది ఢిల్లీ మనసు.

కోర్టుల సంగతి. 1996ల అరుణాచల్ చక్మాల కేసుల సుప్రీంకోర్టు చెప్పింది, పౌరుడైనా కాకపోయినా ప్రతి మనిషి పాణం కాపాడే బాధ్యత సర్కారుదే అని. రాజ్యాంగం 21వ అధికరణల ఉన్న మాట "వ్యక్తి", "పౌరుడు" గాదు. 2021 ఏప్రిల్ 8న జమ్ముల పట్టుకున్న రోహింగ్యాల కేసుల, పద్ధతి ప్రకారం తప్ప పంపొద్దన్నది. కానీ పంపుడు ఆపలే. 2025 మే నెలల బంగ్లాదేశ్, మయన్మార్ నుంచి వచ్చినోళ్ల కాయితాలు 30 రోజుల్ల తేల్చాలని కేంద్రం రాష్ట్రాలకు చెప్పినట్టు వార్తలొచ్చినయ్. అదే నెల ఢిల్లీల పట్టుకున్న దగ్గర దగ్గర 40 మందిని మయన్మార్ ఒడ్డు దాపుల సముద్రంల దింపిన్రని ఆరోపణ వచ్చింది. ఐక్యరాజ్యసమితి ప్రతినిధి టామ్ ఆండ్రూస్ ఇచారణ మొదలుపెట్టిండు. సుప్రీంకోర్టు మాత్రం రుజువేదని అడిగింది. ఆ జులైల కోర్టే తన ముంగట ప్రశ్న రాసుకున్నది. వీళ్లు శరణార్థులా, అక్రమంగ వచ్చినోళ్లా అని.

ఆ వారం బాలాపూర్ల మొగోళ్లు పనికి పోలే. ఒక ముసలి చాచా నన్నడిగిండు, "బేటీ, సముద్రం ఇక్కడికెళ్లి ఎంత దూరం?" అని. నాకు మాట రాలే.

"మనోళ్లకే దిక్కు లేదు"

ఈ మాట నేను రోజూ వింట. మా చెల్లె అంటది, మా యూనియన్ల దోస్తులు అంటరు. 2025 డిసెంబర్ల సుప్రీంకోర్టు ఇచారణల సుత ఈ అర్థం వచ్చే మాటే వినపడ్డది. సొంత పేదలుండంగ బయటోళ్లకు ఎర్ర తివాచీ పరవాల్నా అని. దీన్ని నేను కొట్టిపారేయను. డబుల్ బెడ్‌రూం ఇంటికి దరఖాస్తు పెట్టి చెప్పులరిగినోళ్లు నాకు ఎరుకే. పాలమూరు కూలీలు సిమెంట్ సంచులు కప్పుకొని పండుకునుడు నేను చూసిన.

కానీ ఒక్కటి చెప్పుండ్రి. మనోళ్లకు ఇల్లు రాలేదంటే అది రోహింగ్యా తీస్కపోయిండా? ఆళ్లకు రేషన్ కార్డు లేదు, పింఛన్ లేదు, ఓటు లేదు. ఎర్ర తివాచీ ఎవ్వలూ అడుగుతలేరు. చీటీ రాసే కిటికీ కాడ కొంచెం జాగ అడుగుతున్నరు. పేదోన్ని పేదోని మీద ఉసిగొల్పితే ఇండ్ల లెక్క అడిగేటోడు ఉండడు. గది పాత ఉపాయం.

ఇంకోటి, దొంగ ఆధార్ ముచ్చట. నిజమే. కొందరు దొంగ కార్డులు చేయించుకొని పట్టుబడ్డరు, కేసులైనయ్. తప్పు తప్పే. కానీ సీదా తొవ్వ మూసేస్తే దళారీ తొవ్వ తెరుచుకుంటది. గల్ఫుల మనోళ్లు దొంగ పతాకాలు కొన్నది సుత ఇందుకే. దేశ భద్రత అంటరు. భద్రత కావాల్నంటే ఎవరు ఎక్కడున్నరో సర్కారు కాడ లెక్క ఉండాలె. కార్డు ఇచ్చి పేరు రాసుకున్న మనిషి కండ్ల ముంగట ఉంటడు. తరిమితే చీకట్ల కలిసిపోతడు.

రంగం పోయినోళ్ల యాది

బర్మా మనకు పరాయి దేశం అనుకుంటున్నరా? కోస్తాల ముసలోళ్లను అడుగుండ్రి. రంగూన్‌ను ఆళ్లు "రంగం" అంటరు. కాకినాడ, విశాఖ, భీమిలి రేవుల నుంచి ఓడలెక్కి వేల మంది తెలుగు కూలీలు పోయిన్రు. రంగూన్ రేవుల మూటలు మోసినోళ్లు, రిక్షాలు గుంజినోళ్లు, మిల్లుల బియ్యం దంచినోళ్లు ఆళ్లే. కోరంగి రేవు పేరు మీద ఆళ్లను "కోరంగీలు" అని తిట్టెటోళ్లు. 1930 మేల ఆ రేవులనే తెలుగు కూలీల మీద మందలు మందలుగ పడ్డరు. వందకు పైగ చచ్చిపోయిన్రు. కూలి పెంచుమని సమ్మె చేసినందుకు, ఆ పని కోసం పేదోనికి పేదోనికి పెట్టిన కొట్లాట అది.

1941 డిసెంబర్ 23న జపాన్ రంగూన్ మీద బాంబులేసింది. లక్షల మంది భారతీయులు అడవుల పొంట, గుట్టల పొంట నడిచి అస్సాం, చిట్టగాంగ్ దిక్కు వచ్చిన్రు. తొవ్వల పిల్లలను పాతిపెట్టుకుంట వచ్చిన్రు. 1962ల నే విన్ సైనిక సర్కారు వచ్చి దుకాండ్లు, వ్యాపారాలు గుంజుకున్నంక మళ్లా లక్షల మంది కట్టుబట్టలతోని దిగిన్రు. విశాఖల కంచరపాలెం దిక్కు "బర్మా క్యాంపు" అని బస్తీ ఇప్పటికీ ఉన్నది. ఆ పేరు ఎందుకొచ్చిందో ఆడ తిరిగే పిల్లలను అడిగితే సగం మందికి తెల్వది.

వాళ్లు మన దేశపోళ్లు గదా అంటరు. నిజమే, ఆ ఫరకు ఉన్నది. ఆళ్లకు దిగనీకి ఒక రేవున్నది, సొంతం అనే సర్కారున్నది. కానీ తరిమిన తీరు ఒక్కటే. "నువ్వు ఈడోనివి గాదు" అన్న మాట ఒక్కటే. ఆ మాట తెలుగోని వీపు మీద పడ్డప్పుడు అన్యాయం అయితే, రోహింగ్యా వీపు మీద పడ్డప్పుడు న్యాయం ఎట్లయితది?

దానం సరిపోదు

ఇగ మా దిక్కు లోపాలు చెప్పాలె. పండుగ నాడు బిర్యానీ పొట్లాలతోని కార్లొస్తయ్. ఒక పొట్లానికి పది ఫొటోలు. మొఖాలు దాచుకుంట ఆడోళ్లు చెయ్యి చాపుతరు. ఆ ఫొటో ఏ ఫోనుకు పోతదో, ఎవలు చూస్తరో తెల్వది. భయపడి బతికే మనిషి మొఖం ఊరంత చూపెట్టుడు సేవ గాదు. నేను సుత మొదట్ల ఒకటి రెండు ఫొటోలు పెట్టిన. ఒక బిడ్డ తల్లి, "ఆపా, మా అన్న ఇంకా అక్కడే ఉన్నడు, తీసెయ్యవా" అన్నది. తీసేసిన. మళ్లా పెట్టలే.

సంస్థల చెయ్యి సుత సన్నబడుతున్నది. 2020ల విదేశీ విరాళాల చట్టం మార్చిన్రు. పెద్ద సంస్థ తనకొచ్చిన విదేశీ విరాళం చిన్న సంస్థకు ఇయ్యరాదు. ఆఫీసు ఖర్చు 50 శాతం నుంచి 20 శాతానికి దించిన్రు. బస్తీల పనిచేసే చిన్న చిన్న ఆఫీసులకు తాళం పడ్డది ఇట్లనే. 2025ల అమెరికా విదేశీ సాయం కోసినంక శరణార్థుల ఐరాస సంస్థ సుత మనుషులను తగ్గించుకున్నది. పని మాత్రం తగ్గలే. అది మా వంటి నలుగురి భుజాల మీద పడ్డది.

నా అనుమానం ఏందంటే, మేం ఎంత ఎక్కువ మోస్తే సర్కారుకు అంత సులువైతున్నది. బియ్యం మేం పెడుతున్నం కాబట్టి ఆకలి కేకలు బయటికొస్తలేవు. దవాఖానల మేం లొల్లి పెట్టి చేర్పిస్తున్నం కాబట్టి ఎవలూ వాకిట్ల కాన్పు అయితలేరు. అట్లని ఇడిసిపెట్టలేం, పాణాలు గదా. కానీ మోస్తనే అడగాలె. అడగని సేవ సర్కారు మీద దుప్పటి కప్పుతది.

రాష్ట్రం చేతుల ఉన్నవి

పౌరసత్వం కేంద్రం చేతుల ఉన్నది, ఒప్పుకుంట. కానీ నాలుగు పనులు రాష్ట్రం చేతులనే ఉన్నయ్.

ఒకటి, బడి. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏండ్ల ప్రతి బిడ్డకు అన్నది. వయసు రుజువు లేదని తిప్పి పంపరాదని అందులనే ఉన్నది. 2025 ఫిబ్రవరిల సుప్రీంకోర్టు సుత రోహింగ్యా పిల్లలు సర్కారు బడికి పోయి అడగొచ్చని, ఇయ్యకుంటే హైకోర్టుకు పోవచ్చని చెప్పింది. కొంతమంది హెడ్‌మాస్టర్లు కడుపుల పెట్టుకొని చేర్చుకుంటున్నరు. కొంతమంది గేటు కాడనే ఆపుతున్నరు. ఒక్క సర్క్యులర్ చాలు.

రెండు, పుట్టిన సర్టిఫికెట్. 1969 చట్టం ప్రకారం ఈ నేల మీద పుట్టిన ప్రతి బిడ్డ పుట్టుక రాయాలె. అది పౌరసత్వం ఇయ్యదు. 2004 డిసెంబర్ తర్వాత తల్లి గానీ తండ్రి గానీ అక్రమ వలసదారు అని లెక్కకొస్తే ఇక్కడ పుట్టినా బిడ్డ పౌరుడు గాదు. కానీ ఫలానా తేదిన ఒక మనిషి పుట్టిందని రాయనీకి ఏం అడ్డం? రాయకుంటే ఇంకో తరం జనవరి 1న పుడతది.

మూడు, దవాఖాన. కాన్పు, టీకాలు, టీబీ మందులకు ఐరాస కార్డు చూపెడితే చాలని రాసివ్వాలె. టీబీ మందు ఆపితే జబ్బు గుడిసెలనే ఆగదు.

నాలుగు, వకీలు. న్యాయ సేవల చట్టం ఆడోళ్లకు, పిల్లలకు, కస్టడీల ఉన్నోళ్లకు ఉచితంగ వకీలునియ్యాలన్నది. పౌరులకే అని అందుల రాయలే. ఎవరినన్న పట్టుకపోతే ఆ రాత్రే వకీలు అందాలె. ఇచారణ లేకుండ ఎవర్నీ దేశం దాటించొద్దు.

వీటికి కోట్లు అక్కర్లేదు. సంతకాలు కావాలె.

చదివినోళ్లల్ల ఎవరికన్న పోబుద్ధి అయితే పోండ్రి. నెలకు ఒక్క ఐతారం చాలు. ఫారం నింపొస్తే నింపుండ్రి, రాకుంటే పక్కన నిలబడుండ్రి. ఫోను సంచిల పెట్టుకోండ్రి. ఆళ్ల కథ అడగకుండ్రి, చెప్పాలనిపిస్తే ఆళ్లే చెప్తరు. వచ్చి వారం రోజులు ఉరికి మాయం కాకుండ్రి. ఆళ్లను ఇడిసిపెట్టి పోయినోళ్లు ఇప్పటికే చాలా మంది ఉన్నరు.

ఆ దవాఖానల పుట్టిన బిడ్డ సర్టిఫికెట్ మొన్ననే చేతికొచ్చింది. ఐదు నెలలు తిరిగినం. తల్లి చదవలేదు కాబట్టి నాకే ఇచ్చి చదువుమన్నది. బిడ్డ పేరు, తల్లి పేరు, తండ్రి పేరు ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి మూడుసార్లు చదివిన. అన్నీ సరిగ్గ ఉన్నయ్. పుట్టిన తేది జనవరి 1 గాదు. ఆమె దాన్ని మడత పడకుండ ప్లాస్టిక్ కవర్ల పెట్టి, తన కార్డు పక్కన దాసుకున్నది.